గీజర్ సాకెట్‌లో కిల్న్ పెట్టొచ్చా?

(టేబుల్ మీద మాడిన ప్లగ్ టాప్. కెమెరా దాని దగ్గరకు.)

నమస్తే. ముందు దీన్ని చూడండి. ఈ పిన్ను నల్లబడింది, చుట్టూ ప్లాస్టిక్ కరిగి జీడిపాకంలా సాగింది. మా ఇంట్లోదే, నేను టెర్రకోట నగలు కాల్చే ఎలక్ట్రిక్ కిల్న్‌ది, అంటే కరెంటు బట్టీది. మూడోసారి కాలుస్తుంటే ఇల్లంతా చేపల వాసన. అరగంట సేపు ఫ్రిజ్ వెతికాం. అసలు మా ఇంట్లో చేపలే వండం!

వారానికి నలుగురైనా నన్ను అడిగేది ఒకటే. "అక్కా, మా గీజర్ 3 కిలోవాట్లు, కిల్న్ కూడా 3 కిలోవాట్లే. అదే సాకెట్‌లో పెట్టేస్తే పోలా?" లెక్కలో తప్పేం లేదు. 3000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు. సాకెట్ 16 ఆంపియర్లది. నేనూ ఇదే లెక్క వేసుకున్నా. ప్లగ్గు మాత్రం మాడింది.

ఉప్పల్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కారా ఎప్పుడైనా? వెనక ఐదుగురు, డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు. బోడుప్పల్ దాకా ఏమీ కాదు, దింపేస్తాడు. అదే ఆటోలో అదే ఏడుగురిని ఎక్కించుకుని వరంగల్ దాకా పొమ్మనండి. జనం పెరగలేదు, దూరం పెరిగింది. గీజర్ బోడుప్పల్ ట్రిప్పు: పావుగంటలో ఆగిపోతుంది, సాకెట్ చల్లారుతుంది. కిల్న్ వరంగల్ ట్రిప్పు: 900 డిగ్రీలు దాటించాలంటే ఏడెనిమిది గంటలు. అందులోనూ 573 డిగ్రీల దగ్గర మట్టిలో ఉన్న క్వార్ట్జ్ అనే ఖనిజం రూపం మారుతుంది, అక్కడ తొందరపడితే నగ పగులుతుంది. కాబట్టి త్వరగా కానిచ్చేద్దామన్నా కుదరదు.

"మరి ఎమ్‌సీబీ ఎందుకు పడలేదు?" మంచి ప్రశ్న. కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయి లైను ఆపేసే స్విచ్చే ఎమ్‌సీబీ. ఎమ్‌సీబీ చౌరస్తాలో నిలబడ్డ పోలీసాయన లాంటిది. తలలు లెక్కపెడతాడు, అంతే. చక్రం నట్టు లూజుగా ఉందని ఆయనకెలా తెలుస్తుంది? నా సాకెట్ లోపల పిన్నును పట్టుకునే స్ప్రింగ్ వదులైంది. వదులైన చోట కరెంటుకు అడ్డు ఎక్కువ, అక్కడే వేడి పుడుతుంది. వేడికి స్ప్రింగ్ ఇంకా వదులవుతుంది. వైరులో పారుతున్నది మాత్రం అదే 13 ఆంపియర్లు. ఎమ్‌సీబీ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది.

ఇంకో మాట. ఎమ్‌సీబీ పదేపదే పడుతోందని దాన్ని తీసేసి 32 ఆంపియర్లది వేయించుకున్న మహానుభావులున్నారు. అంటే పోలీసాయనకు చాయ్ తాగించి పంపేశారన్నమాట. ఆటో పెద్దదైందా? గోడలో వైరు పాతదే. కరెంటు రెట్టింపైతే వైరులో వేడి నాలుగు రెట్లవుతుంది.

మరి నేనేం చేశానంటే, ఎమ్‌సీబీలన్నీ ఉండే డీబీ బాక్స్ నుంచి కిల్న్ ఒక్కదానికే వేరే లైను లాగించా. 4 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైరు, 20 ఆంపియర్ల ఎమ్‌సీబీ, గట్టి ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ప్లగ్గు తీయించేసి నేరుగా స్విచ్చుకు బిగించారు. ఎక్స్‌టెన్షన్ బాక్సా? ఆటో వెనక తాడు కట్టి ఇంకో బండి లాగినట్టే. వద్దు.

వోల్టేజీ సంగతి. ఇక్కడ ఆటో పనికిరాదు, పక్కన పెడతా. ఎండాకాలం సాయంత్రం వోల్టేజీ 200కు పడిపోతే 3 కిలోవాట్ల కిల్న్ ఇచ్చేది 2.3 కూడా ఉండదు. వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది కాబట్టి దెబ్బ రెండువైపులా. "800 దగ్గరే ఆగిపోయిందక్కా, కాయిల్ పోయిందా" అనేవాళ్లు ముందు మల్టీమీటర్ పెట్టి వోల్టేజీ ఎంతుందో చూడండి. నేనైతే ఎండాకాలంలో తెల్లవారుజామునే ఆన్ చేస్తా.

టైమైపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఉంటుంది. అది యూనిట్లు కాదు. లోడ్ అంటే ఒకేసారి ఎంతమంది ఎక్కొచ్చని, యూనిట్లంటే మొత్తం కిరాయి. 3 కిలోవాట్ల కిల్న్ 8 గంటలు ఆగకుండా లాగినా 24 యూనిట్లే. వేడిని అదుపు చేసే కంట్రోలర్ ఆపి ఆపి వేస్తుంది కనుక ఇంకా తక్కువే. కానీ ఇంటి లోడ్ 2 కిలోవాట్లని రాసి ఉంటే ముందు దాన్ని పెంచమని దరఖాస్తు పెట్టండి. కంప్రెసర్, పెద్ద మోటార్లు ఉన్నవాళ్లకు: మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు లాగుతుంది, అందుకే వాటికి ఆ క్షణానికి పడిపోకుండా తట్టుకునే సీ టైపు ఎమ్‌సీబీ వేస్తారు. దాని మీద వేరే వీడియో చేస్తా.

ఎలక్ట్రీషియన్‌తో "3 కిలోవాట్లు" అని మాత్రం చెప్పకండి, గీజర్ లైనే చూపించి వెళ్లిపోతాడు. "8 గంటలు ఆగకుండా నడుస్తుంది భయ్యా" అనండి. ఆ మాట విన్నాకే మా భయ్యా పాత వైరు తీసి పక్కన పడేశాడు.