"వైజాగ్‌లో మంచి ఆటిజం డాక్టర్ ఎవరండీ?"

శ్రోతలకు నమస్కారం.

పేరు పెట్టి పిలిచినా మా బాబు తిరిగి చూడడం లేదనీ, మూడేళ్లు వస్తున్నా మాటల్లేవనీ, బొమ్మ కారు చక్రాన్నే గంటల తరబడి తిప్పుతున్నాడనీ చెప్పే తల్లిదండ్రులతో స్పెషల్ టీచరుగా నేను తరచూ మాట్లాడుతుంటాను. గాజువాక నుంచి, అనకాపల్లి నుంచి, శ్రీకాకుళం నుంచి వస్తారు. అందరూ ముందుగా అడిగేది ఒకటే: "వైజాగ్‌లో మంచి ఆటిజం డాక్టర్ ఎవరండీ?" ఒక్క పేరు చెబితే వాళ్ల మనసు కుదుటపడుతుందని తెలుసు. కానీ ఈ పని ఏ ఒక్కరి వల్లా అయ్యేది కాదు. గుర్తించేవారు ఒకరు, నేర్పేవారు మరొకరు.

అన్నిటికన్నా ముందు వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే పలకని బిడ్డకు చెవి సరిగ్గా వినిపిస్తోందో లేదో తేలాలి కదా. బెరా అనే పరీక్ష ఉంది. బిడ్డ నిద్రపోతుండగా చెవిలో శబ్దాలు వినిపించి, మెదడు స్పందనను నమోదు చేస్తారు. నొప్పి ఉండదు.

తర్వాత ఆటిజం, అంటే మాట్లాడడం, నలుగురితో కలవడం, ప్రవర్తన వేరుగా ఎదగడం, అవునా కాదా అన్నది. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. బిడ్డను ఆడించి చూడాలి, తల్లిని కూర్చోబెట్టి పుట్టినప్పటి నుంచి అన్నీ అడగాలి. పిల్లల ఎదుగుదలను చూసే డాక్టరు (డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్), పిల్లల మానసిక వైద్యులు (సైకియాట్రిస్ట్), మనస్తత్వ నిపుణులు (క్లినికల్ సైకాలజిస్ట్) ఈ పని చేస్తారు. ఫిట్స్ ఉన్నా, వచ్చిన మాటలు పోయినా పిల్లల నరాల డాక్టరును (న్యూరాలజిస్టు) కూడా కలవాలి. అయిదు నిమిషాల్లో బిడ్డ ముఖం చూసి తేల్చేస్తే, ఇంకొకరి దగ్గర చూపించుకోండి.

డబ్బుకు ఇబ్బందైతే మహారాణిపేటలో ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, పిల్లల విభాగంలో మొదలుపెట్టండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లమంటే కొందరి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. "మా వాడికి పిచ్చా మేడం?" అంటారు. కాదమ్మా. మానసిక వైద్యులు చూసే వాటిలో పిల్లల ఎదుగుదల సమస్యలూ ఉంటాయి. ఆ గేటు దాటితే బిడ్డకు ముద్ర పడిపోతుందన్న భయంతో ఏళ్లు పోగొట్టుకోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపాలి. మీ ఆశా కార్యకర్తను అడగండి.

ఇక థెరపీ. మాట కోసం స్పీచ్ థెరపిస్ట్, శబ్దాన్ని, స్పర్శను తట్టుకోవడం, బట్టలు తొడుక్కోవడం లాంటి వాటికి ఆక్యుపేషనల్ థెరపిస్ట్, చదువుకు మాలాంటి స్పెషల్ టీచర్లు. స్పీచ్ థెరపిస్టులకు, క్లినికల్ సైకాలజిస్టులకు, స్పెషల్ టీచర్లకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగండి, మొహమాటపడకండి. ఆక్యుపేషనల్ థెరపిస్టును ఆ కోర్సులో డిగ్రీ ఉందా అని అడగండి. నిజంగా చదువుకున్నవాళ్లు ఆ మాటకు నొచ్చుకోరు.

సర్టిఫికెట్ కన్నా నేను ఎక్కువగా చూసేది ఒకటుంది: మిమ్మల్ని గదిలోకి రానిస్తున్నారా? వారానికి రెండు మూడు సార్లు ముప్పావు గంట థెరపీ. మిగతా సమయమంతా బిడ్డ మీ దగ్గరే ఉంటాడు. అక్కడ చేసింది మీకు నేర్పకుండా తలుపేసుకుంటే ఏం లాభం? "వచ్చే మూడు నెలల్లో ఏం సాధిద్దామనుకుంటున్నారు?" అని అడిగి చూడండి. "మాటలొచ్చేస్తాయి" అనేది జవాబు కాదు. "దాహమేస్తే ఏడవకుండా గ్లాసు చూపించి అడగడం నేర్పుదాం" అంటే అది జవాబు. మూడు నెలల తర్వాత అది జరిగిందో లేదో మీకే తెలుస్తుంది.

ఇంకొక మాట, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని కొందరు సలహా ఇస్తున్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలలేదు. "ఏటి కావాల్రా నాన్నా" అని పలకరించే అమ్మమ్మను నోరు మూసుకోమంటే ఆ బిడ్డతో మాట్లాడేవాళ్లు ఒకరు తగ్గిపోతారు, అంతే. మీ ఇంటి మాటతోనే థెరపీ చేసేవాళ్లను వెతకండి.

ఆరు నెలల్లో నయం చేస్తామనేవాళ్లను, ఏడాది ఫీజు ముందే కట్టమనేవాళ్లను నమ్మకండి. స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ల కోసం పొలాలు అమ్ముకోవద్దు. ఆటిజానికి వాటిని సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్య ధ్రువపత్రం వస్తే నిరామయ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు, ఏడాదికి లక్ష రూపాయల వరకు బీమా ఉంటుంది.

పాడేరు నుంచో ఇచ్ఛాపురం నుంచో వారానికి రెండుసార్లు రావడం ఎవరికైనా కష్టమే. అలాంటప్పుడు నెలకొకసారి చూసి, ఇంట్లో చేయాల్సినవి రాసిచ్చి, మధ్యలో ఫోన్లో వీడియో చూసి సరిదిద్దే థెరపిస్టును అడగండి. అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఖాళీగా కూర్చోవద్దు. బిడ్డ తినేటప్పుడు, ఆడేటప్పుడు, మారాం చేసేటప్పుడు చిన్న చిన్న వీడియోలు తీసి ఉంచండి. కొత్త చోట బిడ్డ బిగుసుకుపోయినా డాక్టరుకు చూపించడానికి అవి పనికొస్తాయి. అరటిపండు ఇచ్చే ముందు ఒక్క క్షణం ఆగి, మీ వైపు చూసేదాకా చేతిలోనే పట్టుకోండి. చూడగానే "పండు" అని ఇచ్చేయండి. ఇది ఈ రోజే మొదలుపెట్టవచ్చు.