అమీను తాడు మన కుర్చీల మధ్య నుంచే పోవాలి

అందరికీ నమస్కారం. ‘నీల్ దర్పణ్’ని తెలుగులో ఆడదాం అనగానే మన బృందంలోనే ఒకరు, ‘తిరుపతిలో ఇప్పుడు నీలిమందు గొడవ ఎవరికి కావాలన్నా’ అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే, ఈ కాసేపూ దానికే జవాబు చెప్తాను.

దీనబంధు మిత్ర రాసిన ఈ బెంగాలీ నాటకం 1860లో ఢాకాలో అచ్చయింది. బట్టల రంగుకు వాడే నీలిమందు పంట వెయ్యం పొమ్మని బెంగాల్లోని నదియా, జెస్సోర్ రైతులు తెల్లదొరల మీద తిరగబడిన రోజులవి. మరుసటి ఏడాది దీని ఇంగ్లీషు అనువాదాన్ని బయటికి తెచ్చినందుకు జేమ్స్ లాంగ్ అనే పాద్రీకి నెల రోజుల జైలు, 1000 రూపాయల జరిమానా పడితే, ఆ జరిమానా డబ్బు బెంగాలీ రచయిత కాళీప్రసన్న సింహ కట్టాడు. 1872లో కలకత్తా నేషనల్ థియేటర్ టికెట్లు పెట్టి మొదట ఆడిందీ ఈ నాటకమే. ఇదంతా గొప్ప చరిత్రే, కానీ చరిత్ర గొప్పదని చెప్పి జనాన్ని రెండు గంటలు కూర్చోబెట్టలేం.

ఇలాంటి పాత నాటకాలతో చాలామంది చేసేదేంటంటే, తెల్లదొరలకు సూటు తొడిగి, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, ఇదే నేటి కార్పొరేట్ అనడం. నాకది అస్సలు నచ్చదు. అలా చేస్తే విలన్ మళ్లీ బయటివాడే అవుతాడు, చూసేవాడు చప్పట్లు కొట్టి హాయిగా ఇంటికి పోతాడు.

నాటకంలో ఉడ్, రోగ్ అనే దొరలు ఇద్దరే. మిగతా పనంతా చేసేది మనవాళ్లు. కోఠీలో, అంటే దొరల నీలిమందు ఫ్యాక్టరీలో, దివాను గోపీనాథ్ దొర చేత తిట్లు తింటూ, ఆ కోపమంతా రైతు మీద చూపిస్తాడు. భూమి కొలిచే అమీను వచ్చి రైతు సాధుచరణ్ వాళ్ల మంచి భూమికి గుర్తు పెట్టి పోతాడు, ఇక అందులో వరి వెయ్యకూడదు, నీలిమందే వెయ్యాలి. పోయినేటి పంటకు డబ్బు ఇవ్వకుండానే ఈ ఏడు ఇంకా ఎక్కువ భూమిలో వెయ్యమంటారు. కాదంటే శ్యామ్‌చంద్, అంటే తోలు కొరడా. దానికి దేవుడి పేరు పెట్టుకున్నారు చూడండి!

వీటన్నిటికీ మూలం దాదన్, అంటే అడ్వాన్సు. ఒకసారి ఆ డబ్బు చేత్తో పట్టుకున్న రైతు లెక్క ఇక తేలదు, తండ్రి బాకీ కొడుకు మీద పడుతుంది. మన చిత్తూరు వైపు రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పాలా? మండీలో అడ్వాన్సు తీసుకున్న టమోటా రైతు పంటను ఆ మండీకే తోలాలి, కమీషన్ పోగా ఎంత చేతికొస్తే అంతే. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎలా క్యూ కట్టాయో మీరంతా చూశారు. రెండూ ఒకటే అనడం లేదు, ఇక్కడ కొరడా లేదు, రైతుకు ఓటుంది, ధర్నా చేస్తే వినే నాథుడున్నాడు. అయినా పంట మనది, ధర ఇంకొకరిది అనే బాధ ఆ రైతుకూ ఈ రైతుకూ ఒకటే, నాటకం పట్టుకోవాల్సింది దాన్నే.

ఎలా ఆడాలో మన ఊళ్లే చెప్తున్నాయి. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కితే ఊరంతా కింద నిలబడి చూస్తుంది, దుర్యోధన వధ రోజు మట్టితో చేసిన ఆ పెద్ద బొమ్మ చుట్టూ జనమే జనం. అక్కడ స్టేజీ వేరు, జనం వేరు కాదు. అందుకే మన అమీను కూడా హాల్లోకి దిగాలంటున్నాను. తాడు పట్టుకుని మూడో వరుస కుర్చీల మధ్య నుంచి కొలుచుకుంటూ పోవాలి, ‘కాస్త జరగండి సార్’ అంటూ మర్యాదగానే, కూర్చున్నవాళ్ల చేతికే తాడు కొస ఇచ్చి పట్టుకోమనాలి. చాలామంది పట్టుకుంటారు. తామేం పట్టుకున్నారో తర్వాతి సీన్లో తెలుస్తుంది.

సాధుచరణ్ కూతురు క్షేత్రమణి సీను గురించి ఒక్క మాట. గర్భిణి అయిన ఆమె మీద రోగ్ దాడి చేసే ఆ ఘట్టాన్ని చూపించి జనాన్ని రెచ్చగొట్టడం నాకు ఇష్టం లేదు. గొంతు వినిపిస్తే చాలు. చివర్లో వరసగా వచ్చే చావుల్లో బసు ఇంటి పెద్ద గోలోక్ బసు జైల్లో ఉరేసుకున్నదాన్ని ఉంచి, కొన్నిటిని తగ్గించుకోవచ్చు. రైతు తోరాప్ వెళ్లి దొర ముక్కు కొరకడం మాత్రం ఉండాల్సిందే, ఈలలు పడతాయి, పడనీండి.

ఇక పాత్రలు పంచుకోవాలి. ఉడ్ వేషానికి ఇప్పటికే నలుగురు చేతులెత్తారు. మనలో అందరికన్నా బాగా చేసేవాళ్లు గోపీనాథ్ వేషం వెయ్యాలి. ఎవరు వేస్తారో ఇప్పుడే చెప్పండి, రేపు సాయంత్రం నుంచే రిహార్సల్ మొదలుపెడదాం.