సాముగఢ్, 1658: దారా ఓటమి ఏనుగు దిగడంతో మొదలవలేదు

సభకు నమస్కారం.

సాముగఢ్ యుద్ధం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే. దారా షికో ఏనుగు దిగాడు, ఖాళీ అంబారీ చూసి సైన్యం పారిపోయింది, ఔరంగజేబు పాదుషా అయ్యాడు. అబద్ధం కాదు. కానీ అది ఆట ముగిసే ముందు చివరి ఘట్టం మాత్రమే. దారా చేతిలోంచి యుద్ధం అంతకు ముందే, రెండు చోట్ల జారిపోయింది. ఒకటి చంబల్ నది రేవులో, రెండోది తన సొంత ఫిరంగుల ముందు.

1657 సెప్టెంబరులో షాజహాన్ జబ్బుపడ్డాడు. నలుగురు కొడుకులు: ఆస్థానంలో దారా, బెంగాల్‌లో షుజా, దక్కన్‌లో ఔరంగజేబు, గుజరాత్‌లో మురాద్. ముందుగా కదిలిన షుజా మీదికి దారా తన కొడుకు సులేమాన్ షికోను పంపాడు. 1658 ఫిబ్రవరిలో కాశీ దగ్గర బహదూర్‌పూర్‌లో సులేమాన్ గెలిచాడు, గెలిచి షుజాను తరుముతూ తూర్పుకు పోయాడు. దారా దగ్గరున్న మేలైన దళాలు అతనితోనే పోయాయి. సాముగఢ్ నాటికి అవి తిరిగి రాలేదు.

ఔరంగజేబు సంగతి వేరు. ఇక్కడ మన నేలతో ఒక సంబంధం ఉంది. గోల్కొండ వజీరుగా ఉండి, 1650లో పెమ్మసాని చిన తిమ్మానాయుడి నుంచి గండికోటను పట్టిన మీర్ జుమ్లా తర్వాత మొఘలుల వైపు చేరాడు. కర్ణాటక దండయాత్రల్లో అతను కూడగట్టుకున్న ఫిరంగిదళం మేలైనది, దాన్ని నడిపింది యూరపు గోలందాజులు, అంటే ఫిరంగులు పేల్చేవాళ్లు. ఔరంగజేబు 1658 మొదట్లో అతన్ని నిర్బంధించి, ఫిరంగులను తన వెంట ఉత్తరాదికి తీసుకుపోయాడు. ఇద్దరి మధ్యా ముందే ఒప్పందం ఉందన్న మాట కూడా ఉంది. ఏదైనా ఫిరంగులు మాత్రం కదిలాయి.

ఏప్రిల్‌లో ఉజ్జయిని దగ్గర ధర్మత్‌లో దారా వైపు సేనాని జస్వంత్ సింగ్ ఔరంగజేబు, మురాద్‌ల చేతిలో ఓడిపోయాడు. ఇక ఆగ్రాకు అడ్డున్నది చంబల్ ఒక్కటే. ధోల్‌పూర్ దగ్గర తెలిసిన రేవులన్నిటికీ దారా ఫిరంగులతో కాపలా పెట్టాడు. ఔరంగజేబు వాటి జోలికే పోలేదు. తూర్పుగా అరవై కిలోమీటర్ల పైన, ఎవరూ పట్టించుకోని ఒక రేవులో నది దాటేశాడు. ఆ దారిలో దాహానికి చాలామంది సైనికులు చచ్చిపోయారు. అయినా లాభం అతనిదే: దారా ధోల్‌పూర్‌లో నిలిపిన బరువైన ఫిరంగులను అక్కడే వదిలి, ఆగ్రా దారి కాచుకోవడానికి వెనక్కి పరుగెత్తాల్సి వచ్చింది.

సాముగఢ్ ఆగ్రాకు తూర్పున సుమారు 13 కిలోమీటర్లు. యుద్ధం తేదీ పుస్తకాల్లో రెండు రకాలుగా కనిపిస్తుంది: పాత జూలియన్ క్యాలెండరు లెక్కలో మే 29, ఇప్పటి లెక్కలో జూన్ 8. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటామే, అలాంటి ఎండ. ముందురోజే ఔరంగజేబు సైన్యం నడిచి నడిచి డస్సిపోయి వచ్చింది. కొట్టాలంటే ఆ రోజే కొట్టాలి. దారా సైన్యాన్ని బారులు తీర్చి, ఇనుప కవచాలతో ఎండలో నిలబెట్టి, సాయంత్రానికి డేరాలకు తిప్పుకుపోయాడు. దెబ్బ తగలకుండానే మనుషులూ గుర్రాలూ కూలాయి. నా లెక్కలో ఏనుగు దిగడం కంటే పెద్ద తప్పు ఇది.

మర్నాడు దారా ఫిరంగులన్నిటినీ ముందువరుసలో పెట్టి, గొలుసులతో ఒకదానికొకటి బిగించాడు. వెనక తుపాకుల వాళ్లు, ఆ వెనక చిన్న ఫిరంగులు మోసే ఒంటెలు, ఆఖర్న ఆశ్వికదళం. గొలుసు వల్ల శత్రువు గుర్రాలు సందు చేసుకుని లోపలికి దూరలేవు. ఇబ్బంది కూడా దానిలోనే ఉంది: ఆ వరుస ముందుకు కదలదు. మనవాళ్లు ముందుకెళ్లాలంటే గొలుసు విప్పాలి, వెళ్లాక వెనకున్న ఫిరంగులు పేలిస్తే మనవాళ్ల వీపులకే తగులుతాయి.

సరిగ్గా అదే జరిగింది. మధ్యాహ్నం దారా ఫిరంగులు దూరం నుంచే గంటసేపు మందు తగలేశాయి. ఔరంగజేబు మందు పొదుపు చేసుకుని, దగ్గరికి వచ్చేదాకా ఆగాడు. ఆ మౌనాన్ని దారా వైపు వాళ్లు బలహీనత అనుకున్నట్టుంది. ఎడమ పక్క నుంచి దారా సేనాని రుస్తుం ఖాన్ ఔరంగజేబు ఫిరంగుల మీదికి దూకి, తట్టుకోలేక పక్కకు తిరిగి, చివరికి ప్రాణం పోగొట్టుకున్నాడు. కుడివైపు దారా పక్షాన ఉన్న బూందీ రాజు రావు ఛత్రసాల్ హాడా రాజపుత్రులతో మురాద్ మీద పడ్డాడు. మురాద్ ముఖానికి బాణాలు తగిలాయి. దారా వైపే ఉన్న రూప్ సింగ్ రాఠోడ్ గుర్రం దిగి, కత్తితో ఔరంగజేబు ఏనుగు అంబారీ పట్టెడలు కోయబోయి చనిపోయాడు.

ఈ గందరగోళంలో దారా మధ్యదళాన్ని తీసుకుని తన ఫిరంగులు దాటి ముందుకొచ్చాడు. అంతే, అవి మూగబోయాయి. ముందు రుస్తుం ఖాన్‌ను ఆదుకోబోయి, మధ్యలో మనసు మార్చుకుని ఛత్రసాల్ వైపు మళ్లాడు. యుద్ధరంగం అడ్డంగా ఎండలో, కవచాలతో ఆ నడక. శత్రువు గోలందాజులకు అంతకంటే ఏం కావాలి? గుండ్లు అంబారీ దాకా రావడంతో దారా దిగి గుర్రమెక్కాడు. దారా సేనాని ఖలీలుల్లా ఖాన్ కుడిపక్క దళంతో కదలకుండా నిలబడి ద్రోహం చేశాడంటారు. చేసినా చేయకపోయినా అప్పటికి నోరు మూసుకున్న ఫిరంగులను అతను పేల్చగలిగేవాడు కాదు.

ఆ రాత్రి దారా ఆగ్రా వదిలి ఢిల్లీ దారి పట్టాడు. ఆగ్రా కోట గోడల మీద మాత్రం ఔరంగజేబు ఫిరంగులు పనిచేయలేదు. అందుకని యమున వైపు నీళ్లు తెచ్చుకునే ద్వారాన్ని పట్టుకున్నాడు. కోటలోని బావుల్లో ఉప్పునీళ్లు. కొద్ది రోజులకే, పాత లెక్కలో జూన్ 8న, షాజహాన్ తలుపులు తెరిపించాడు. 1666 జనవరిలో చనిపోయేదాకా ఆ కోటలోనే బందీగా ఉన్నాడు.