మంగళూరు వర్తకుడి ఉత్తరాలు, కైరోలోని కాగితాల గది

నమస్కారం. యూదుల సంస్కృతిని, చరిత్రను చదవదలచుకున్నవారు ముందుగా హీబ్రూ నేర్చుకోవాలని చాలామంది చెబుతారు. ఆ మాట నిజమే కానీ, అందులో సగం నిజమే ఉంది. మిగిలిన సగం చూపించడానికి ఈ రోజు మిమ్మల్ని కైరో పాతబస్తీలోని ఒక గదికి, అక్కడి నుంచి మన పడమటి తీరంలోని మంగళూరుకు తీసుకువెళతాను.

కైరోలో ఫుస్తాత్ అనే ప్రాంతంలో బెన్ ఎజ్రా సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఉంది. దైవనామం రాసి ఉన్న కాగితం పాడైపోయినా దానిని చెత్తలో వేయకూడదని, గౌరవంగా భూమిలో పూడ్చిపెట్టాలని యూదుల ఆచారం. అలా పూడ్చేవరకు దాచి ఉంచే చోటును గెనీజా అంటారు. ఫుస్తాత్‌లోని యూదులు ఈ నియమాన్ని మరింత విశాలంగా పాటించి, హీబ్రూ అక్షరాలున్న ప్రతి కాగితాన్నీ ఆ గదిలో వేస్తూ వచ్చారు. దాదాపు వెయ్యేళ్లపాటు పెళ్లి ఒప్పందాలు, అప్పుపత్రాలు, చిన్నపిల్లలు అక్షరాలు దిద్దిన పుటలు, వర్తకుల ఉత్తరాలు ప్రార్థన పుస్తకాలతో కలిసి అక్కడే పోగుపడ్డాయి. ఈజిప్టు పొడి వాతావరణం వాటిని కాపాడింది.

1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల సోదరీమణులు తూర్పు దేశాల యాత్రలో కొని తెచ్చిన పాత పుటలను కేంబ్రిడ్జ్ పండితుడు సోలమన్ షెక్టర్‌కు చూపించారు. వాటి విలువను గుర్తించిన షెక్టర్ ఆ శీతాకాలంలోనే కైరోకు వెళ్లి, ఆ గదిలోని సింహభాగాన్ని ఇంగ్లండ్‌కు తెచ్చాడు. ఈనాడు కేంబ్రిడ్జ్ గ్రంథాలయంలో ఉన్న ఆ ముక్కల సంఖ్య సుమారు 1,93,000.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఆ తరువాత జరిగిన సంగతి. మొదటి తరం పండితులు మతగ్రంథాల మీద, కవిత్వం మీద దృష్టి పెట్టగా, లెక్కల చీటీలు, ఉత్తరాలు చాలావరకు దశాబ్దాల తరబడి పక్కనే ఉండిపోయాయి. వాటిని చదవాలంటే హీబ్రూ ఒక్కటే చాలదు, ఎందుకంటే వాటి లిపి హీబ్రూ, భాష మాత్రం అరబ్బీ. మనం సంస్కృత శ్లోకాన్ని తెలుగు అక్షరాలలో రాసుకుని చదువుకున్నట్లే, ఆ యూదులు తాము రోజూ మాట్లాడే అరబ్బీని తమకు అలవాటైన అక్షరాలలో రాసుకున్నారు. దీనినే యూదు అరబ్బీ అంటారు. ఇదే రీతిలో జర్మన్ మాండలికాల నుంచి యిడ్డిష్ పుట్టింది. 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడినవారు తమ వెంట తీసుకువెళ్లిన స్పానిష్ లాడినోగా నిలిచింది. కొచ్చిలో యూదు మలయాళం వాడుకలోకి వచ్చింది. పొరుగువారి భాషను పక్కన పెట్టి యూదుల జీవితాన్ని చదవడం సాధ్యం కాదని ఈ భాషలన్నీ చెబుతున్నాయి.

ఆ వర్తక పత్రాలకు ప్రాణం పోసినవాడు ఎస్. డి. గొయిటైన్. 1900లో జర్మనీలో పుట్టిన ఆయన ఇస్లాం చరిత్రలోనూ, అరబ్బీలోనూ శిక్షణ పొందినవాడు. కేవలం హీబ్రూ పండితుడై ఉంటే ఆయన ఈ పని చేయగలిగేవాడు కాదని నేను నమ్ముతున్నాను.

గొయిటైన్ వెలికితీసిన వ్యక్తులలో అబ్రహాం బెన్ యీజూ ఒకడు. ఈనాటి ట్యునీషియాలోని మహ్‌దియా పట్టణానికి చెందిన ఈ వర్తకుడు 1132 నాటికే మంగళూరులో ఉన్నాడు, 1149 వరకు ఈ తీరంలోనే వ్యాపారం చేశాడు. ఇక్కడ ఇత్తడి, కంచు సామాన్లు తయారు చేయించి, మిరియాలు, వక్కలు, ఇనుముతో పాటు యెమెన్‌లోని ఏడెన్ రేవుకు పంపేవాడు. అక్కడి యూదుల పెద్ద మద్మూన్ బదులుగా చక్కెర, ఎండుద్రాక్ష, చాపలు పంపేవాడు, రాసుకోవడానికి తెల్లకాగితం కూడా పంపేవాడు. ఆ రోజుల్లో ఇక్కడ తాటాకు ఉండేది కానీ కాగితం దొరికేది కాదు. అందుకే బెన్ యీజూ తనకు వచ్చిన ఉత్తరాల వెనకవైపున లెక్కలు రాసుకున్నాడు. ఒకే కాగితం మీద సరుకుల సంగతులు అరబ్బీలోనూ, ఆశీర్వచనాలు హీబ్రూలోనూ కనిపిస్తాయి. సరుకుల పేర్లలో కొన్ని భారతదేశానివే.

పాత కాగితాన్ని తిరిగి వాడుకునే అలవాటు ఫుస్తాత్‌లోనూ మేలు చేసింది. ఒకప్పుడు ఈజిప్టును ఏలిన ఫాతిమీ ఖలీఫాల ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం మనకు మిగలలేదు. కానీ పెద్ద పెద్ద ఖాళీలు వదిలి అరబ్బీలో రాసిన ఆ రాజశాసనాలను ఎవరో ముక్కలుగా కోసి, ఖాళీ చోట హీబ్రూ ప్రార్థనలు రాసుకున్నారు. ఆ విధంగా ఒక ముస్లిం రాజ్యపు పత్రాలలో కొన్ని యూదుల ప్రార్థనా మందిరంలో బతికాయి. దీనిని యూదు చరిత్ర అనాలా, ఇస్లాం చరిత్ర అనాలా అని విడదీయబోతే కాగితాన్నే రెండుగా చింపవలసి వస్తుంది.

అయితే కలిసి బతకడమంటే కష్టం లేకుండా బతకడమని అర్థం కాదు. స్పెయిన్‌లో అల్మొహాద్‌లు అనే ముస్లిం రాజవంశపు పాలన వచ్చినప్పుడు యూదు తత్త్వవేత్త మైమోనిడీస్ కుటుంబం కార్డోబా విడిచి పోవలసి వచ్చింది. ఆయన చివరకు ఫుస్తాత్‌లో స్థిరపడి, తన ప్రసిద్ధ తత్త్వగ్రంథాన్ని యూదు అరబ్బీలోనే రాశాడు. ఆయన తమ్ముడు దావీదు వ్యాపారం కోసం బయలుదేరి హిందూ మహాసముద్రంలో మునిగి చనిపోయాడు. మైత్రిని మాత్రమే, లేదా హింసను మాత్రమే ఏరుకుని చెప్పే చరిత్ర నాకు సమ్మతం కాదు.

ఇక మన వంతు పని కూడా ఇందులో ఉంది. 1132లో బెన్ యీజూ మంగళూరులో ఆశు అనే దాసికి విముక్తి ఇస్తూ పత్రం రాయించాడు. అందులో ఆమెకు బెరఖా, అంటే ఆశీర్వాదం, అనే హీబ్రూ పేరు పెట్టారు. తరువాత ఆమెనే వివాహం చేసుకున్నాడని చాలామంది పండితుల అభిప్రాయం. ఆమె సొంత మాట ఒక్కటి కూడా ఆ కాగితాలలో లేదు. ఆయన లెక్కలలో ఆమె సోదరుడిగా నాయర్ అనే పేరు కనిపిస్తుంది. ఆ ఇంటిని అర్థం చేసుకోవాలంటే యూదుల వివాహ ధర్మంతో పాటు తుళునాడు, మలబారు ప్రాంతాల బంధుత్వ పద్ధతులు కూడా తెలియాలి.

ఏడెన్‌కు సరుకులతో వెళ్లివచ్చిన ఆయన సేవకుడి సంగతి కూడా అంతే. హీబ్రూ లిపిలో అచ్చులు సాధారణంగా రాయరు కనుక, అతని పేరులో బ, మ, హ అనే మూడు హల్లులే మిగిలాయి. ఆ పేరును బ్రహ్మ శబ్దం నుంచి వచ్చిన బమ్మ అని చదవాలా, బొమ్మ అని చదవాలా అన్నది అరబ్బీ నిఘంటువులో దొరకదు, హీబ్రూ నిఘంటువులోనూ దొరకదు. తుళు, కన్నడ శాసనాలలో ఆ కాలపు మనుషుల పేర్లను వెతికి చూసినవారే దానికి సమాధానం చెప్పగలరు.