బాబాయి రిపోర్టులో 7: క్యాన్సర్ కణంలో డీఎన్‌ఏను ఎందుకు తూచాలి?

(దృశ్యం: మలక్‌పేటలో ఓ ఇంటి వరండా. చేతిలో బయాప్సీ రిపోర్టు.)

నమస్తే అండీ. ఇది మా బాబాయి ప్రోస్టేట్ క్యాన్సర్ రిపోర్టు. "గ్లీసన్ 3+4=7, గ్రేడ్ గ్రూప్ 2" అని ఉంది. "పదికి ఏడంటే బాగా ముదిరినట్టేనా?" అని ఆయన రాత్రంతా టెన్షన్ పడ్డారు. అలా లెక్కేసుకోకండి. ఈ రోజుల్లో బయాప్సీలో స్కోరు మొదలయ్యేదే 6 దగ్గర. ఈ గందరగోళం తగ్గించడానికే 2014లో నిపుణులు 1 (తేలిక) నుంచి 5 (తీవ్రం) దాకా గ్రూపులు ఖాయం చేశారు.

ఈ పద్ధతికి 1960లలో పునాది వేసింది అమెరికా డాక్టర్ డొనాల్డ్ గ్లీసన్. పాథాలజిస్టు మైక్రోస్కోపులో గ్రంథుల అమరిక ఎంత చెదిరిందో చూసి నంబర్లు వేస్తారు, రెండు నంబర్లు కలిపితే స్కోరు. ఎంత అనుభవమున్నా అది కంటి అంచనాయే. 3కీ 4కీ మధ్య ఊగే ముక్క దగ్గర ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పొచ్చు. అక్కడ ఇంకో సాక్ష్యం దొరికితే మేలు, కణంలో డీఎన్‌ఏ ఎంతుందన్నది అలాంటిదే.

మామూలు కణంలో డీఎన్‌ఏ ఉండే క్రోమోజోములు 46, అంటే రెండు సెట్లు. ఇది డిప్లాయిడ్. విభజన గాడి తప్పితే కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ అవుతాయి. అది అన్యూప్లాయిడ్.

(దృశ్యం: దీపం ముందు రెండు గ్లాసుల చాయ్ డికాషన్, ఒకటి పల్చన, ఒకటి చిక్కన.)

చిక్కటి గ్లాసులోంచి వెలుతురు తక్కువ వస్తోంది, చూశారా? ఫ్యూల్గెన్ అనే రంగు డీఎన్‌ఏ ఎంతుంటే అంతే పడుతుంది. కేంద్రకం వంగపండు రంగుకు తిరుగుతుంది. ఒక్కో కేంద్రకం ఎంత వెలుతురు మింగిందో కెమెరా కొలుస్తుంది. పక్కనే ఉండే లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మామూలు కణాలు కాబట్టి వాటినే తూకం రాళ్లుగా పెట్టుకుంటారు.

ఇక్కడో చిక్కుంది. మామూలు స్లైడు ముక్క మందం నాలుగైదు మైక్రాన్లే, కేంద్రకాలు మధ్యకి తెగిపోతాయి. దానిమ్మను సగం కోసి గింజలు లెక్కపెడితే ఏం తేలుతుంది? అందుకే బయాప్సీ ముక్క ఉన్న మైనపు బ్లాకును మందంగా కోసి, ఎంజైముతో కేంద్రకాలను విడదీసి కొలుస్తారు. పైగా విభజనకు ముందు ఏ కణమైనా డీఎన్‌ఏను రెట్టింపు చేసుకుంటుంది. ఒకటీ అరా ఎక్కువ కనబడగానే కంగారు అక్కర్లేదు.

డిప్లాయిడ్ గడ్డలు సాధారణంగా నెమ్మదిగా నడుస్తాయి. అన్యూప్లాయిడ్ ఎక్కువగా పెద్ద గ్రేడుల్లో కనిపిస్తుంది. అయినా ఇది గ్లీసన్‌కు తోడే కానీ బదులు కాదు. అందరికీ రొటీన్‌గా చేసే పరీక్షా కాదు. సూది గుచ్చిన చోట దొరికిన ముక్కే గడ్డంతటికీ నమూనా అనీ అనుకోలేం.

(దృశ్యం: అరచేతిలో చిన్న మైనపు బ్లాకు.)

బయాప్సీ ముక్క ఇలా ల్యాబులో భద్రంగా ఉంటుంది. స్లైడ్లతో పాటు దీన్ని అడిగి తీసుకోవచ్చు. సోమవారం మేం తీసుకెళ్లి ఇంకో పాథాలజిస్టుకు చూపిస్తున్నాం. ఆ తర్వాతే ఆపరేషన్ మాట.