యోగా క్లాసా, కోలాటం బ్యాచా? వైజాగ్ పెద్దవాళ్ల కోసం రివ్యూ

నమస్కారమండీ. ఈసారి ఫోనూ కాదు, మిక్సీ కూడా కాదు. మన వైజాగ్‌లో అరవై దాటినవాళ్లు ఉదయం పూట వెళ్లే ఎక్సర్‌సైజు క్లాసులు, వాళ్లను సరదాగా తీసుకెళ్లదగ్గ చోట్లు, రెండూ కలిపి రివ్యూ చేస్తున్నాను. కలపడానికి కారణం ఉంది. ఏళ్ల తరబడి రోజూ క్లాసుకెళ్లే పెద్దాయన బొర్రా గుహల దగ్గర నాలుగు మెట్లు దిగి, "నేనిక్కడే కూర్చుంటాను, మీరు చూసి రండి" అన్నారనుకోండి. ఆ క్లాసు ఆయనకు ఏం నేర్పినట్టు?

నాతో తిరిగింది మా అత్తయ్య, మా పెదనాన్న. అత్తయ్యకు షుగరు, పెదనాన్నకు మోకాళ్లు. మొహమాటం ఇద్దరికీ లేదు. కాబట్టి ఈ మార్కుల్లో సగం వాళ్లు వేసినవే.

క్లాసుల్లోకి వెళ్లేముందు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి, పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. చేతులు రెండూ గుండెల మీద కట్టుకోవాలి. ముప్పై సెకన్లలో పూర్తిగా లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం ఎన్నిసార్లు చేయగలరో లెక్కపెట్టండి. అమెరికాలో డాక్టర్లు పడిపోయే ప్రమాదాన్ని అంచనా వేయడానికి వాడే పరీక్ష ఇది. డెబ్బై నుంచి డెబ్బై నాలుగేళ్ల మధ్య ఉన్న మగవాళ్లు 12 సార్లకన్నా తక్కువ, ఆడవాళ్లు 10 సార్లకన్నా తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గినట్టు. పక్కన ఒక మనిషి నిలబడాలి, అది మాత్రం మర్చిపోకండి. మా పెదనాన్న మొదటిసారే చేతులు తొడల మీద ఆనించి లేచి, "ఇదీ లెక్కలోకే వస్తుంది కదమ్మా" అన్నారు. రాదు పెదనాన్నా.

ఇక క్లాసులు. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కాబట్టి నడకకు అంతకన్నా మంచి చోటు ఈ ఊళ్లో లేదు. చదునైన రోడ్డు, సముద్రం గాలి, కూర్చోవడానికి గట్టు. యోగా గ్రూపులకూ కొదవ లేదు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు మూడు లక్షల మంది దాకా చాపలు పరిచిన ఊరు మరి. పార్కుల్లోనూ, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోనూ బ్యాచ్‌లు నడుస్తున్నాయి. చాలావరకు ఉచితం, లేదంటే మైకు ఖర్చుకు నెలకు కొంత వసూలు చేస్తారు.

మేం చూసిన వాటిలో ఎక్కువ క్లాసులు ఒకేలా ఉన్నాయి. మెడ తిప్పడం, భుజాలు తిప్పడం, వేళ్లు విరవడం, ప్రాణాయామం, చప్పట్లు, శాంతి మంత్రం. తప్పేమీ లేదు. ఊపిరి, నిద్ర, మనసు, అన్నిటికీ మంచిదే. కానీ గంటసేపటిలో కాళ్లకు పని ఎంతసేపు చెప్పారో చూడండి. ఒంటికాలి మీద నిలబెట్టింది ఎంతసేపు? 65 దాటినవాళ్లకు బ్యాలెన్సూ బలమూ పెంచే వ్యాయామం వారంలో కనీసం మూడు రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారానికి 150 నిమిషాల నుంచి 300 నిమిషాల నడకలాంటి శ్రమ అన్నది అందరికీ తెలుసు, నడుస్తున్నారు కూడా. ఈ మూడు రోజుల సంగతే ఎవరూ పట్టించుకోవడం లేదు. వయసు మీద పడ్డాక చాలామందిని మంచాన పడేసేది బాత్రూమ్‌లో జారడమే కదండీ. మెడ తిప్పడం బాగా వస్తే అది ఆగదు.

ఇంకో విషయం. మంచి మాస్టారిని ఎలా గుర్తుపట్టాలంటే, మొదటి రోజే నాలుగు ప్రశ్నలు అడుగుతారు. బీపీ ఉందా, కళ్లకు గ్లాకోమా ఉందా, హెర్నియా గానీ ఈమధ్య ఆపరేషన్ గానీ అయిందా, ఎముకలు పలచబడ్డాయన్నారా. ఊరికే అడగడం కాదు. గ్లాకోమా ఉన్నవాళ్లు తల కిందికి వంచి ఉంచే ఆసనాలు వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లకు వేగంగా చేసే కపాలభాతి, ఊపిరి బిగబట్టడం మంచిది కాదు. ఎముకలు పలచబడితే నడుము బాగా ముందుకు వంచేవి మానాలి. మేం వెళ్లిన ఒక క్లాసులో, పేరు చెప్పనులెండి, స్టేజీ మీదున్న మాస్టారు కింద ఎవరు తూలుతున్నారో ఒక్కసారి కూడా చూడలేదు. కళ్లు మూసుకుని మైకులో లెక్కపెడుతున్నారు. దానికి నేనిచ్చే మార్కులు పదికి మూడు, ఆ మూడూ గాలికి.

లాఫింగ్ క్లబ్బు గురించి రెండు ముక్కలు. 1995లో ముంబైలో డాక్టర్ మదన్ కటారియా ఒక పార్కులో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఒంటరిగా ఉండేవాళ్లకు చాలా బాగుంటుంది. నాలుగు మొహాలు తెలుస్తాయి, ఒకరోజు రాకపోతే ఫోన్ చేసి అడిగేవాళ్లుంటారు. పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులకు ఈ ఫోను చిన్న సంగతి కాదు. కాళ్లకు మాత్రం ఒరిగేదేమీ లేదు. హెర్నియా ఉన్నవాళ్లు వెళ్లకండి. పెదనాన్న ఒక్కరోజే వచ్చారు. "జోకు చెప్పకుండా నవ్వమంటే ఎలా" అని ఆయన కంప్లయింట్.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాకు అన్నిటికన్నా నచ్చింది కోలాటం. మీరు దీన్ని ఎక్సర్‌సైజు క్లాసు అనుకుని ఉండరు, నేనూ అనుకోలేదు. సాయంత్రాలు గుళ్లలో, కల్యాణమండపాల్లో, కాలనీ కమ్యూనిటీ హాళ్లలో ఆడవాళ్ల బ్యాచ్‌లు నేర్చుకుంటూ ఉంటారు. ఒక్కో కోపు (అడుగుల, కర్రల వరస) నేర్పించి, అది పట్టుబడ్డాకే తర్వాతి కోపుకు వెళ్తారు. గమనిస్తే, యోగా క్లాసులో లోటు అనిపించినవన్నీ ఇందులో ఉన్నాయి. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉంటుంది. పక్కకు అడుగు, వెనక్కి అడుగు, గిరుక్కున తిరగడం. మన రోజువారీ నడకలో పక్కకీ వెనక్కీ అడుగు వేసేదే ఉండదు, ఎవరైనా తగిలితే చాలు తూలిపోతాం. పైగా చేతిలో కర్ర ఎదుటివాళ్ల కర్రకు తగలాలి, నోట్లో పాట, మనసులో లెక్క. మెదడూ కాళ్లూ ఒకేసారి పనిచేయాలి.

అత్తయ్య మొదట్లో "ఈ వయసులో నాకు కోలాటం ఏమిటమ్మా, నలుగురూ నవ్వరూ" అన్నారు. బ్యాచ్‌లో తనకన్నా పెద్దావిడ ఉందని తెలిశాక చీర కుచ్చిళ్లు ఎత్తి దోపారు. ఇప్పుడు ఫోన్లో కోపుల వీడియోలు పెట్టుకుని వంటింట్లో గరిటెలతో ప్రాక్టీసు. కుర్చీ పరీక్షలో అంకె కూడా పెరిగింది. లోపాలూ ఉన్నాయి. పండక్కి ప్రదర్శన ఉందంటే గురువుగారు ఒక్కసారిగా వేగం పెంచేస్తారు, అప్పుడు కొత్తగా చేరిన పెద్దవాళ్లను వెనక వరసలో ఉంచమని మీరే చెప్పాలి. మోకాళ్ల మీద కూర్చుని ఆడే కోపులు వద్దు. మగవాళ్లకు దాదాపు చోటు లేదు. చెక్కభజన బృందాలు ఊళ్లలో ఉన్నాయి గానీ సిటీలో పెద్దవాళ్లకు నేర్పేవాళ్లు నాకు దొరకలేదు. మీకు తెలిస్తే కింద రాయండి, పెదనాన్న కాచుకుని ఉన్నారు. మార్కులు పదికి ఎనిమిదిన్నర.

తిరగడానికి వెళ్లే చోట్లు. ఇక్కడ నేను చూసేది చారిత్రక వైభవం కాదండీ. మెట్లెన్ని, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, కూర్చునే చోటెక్కడ, బాత్రూమ్ ఎంత దూరం.

కుర్సురా సబ్‌మెరైన్. బీచ్ రోడ్డు మీదే ఉంది, 91 మీటర్ల పొడవు, 2001లో నేవీ నుంచి రిటైరైతే 2002లో మ్యూజియం చేశారు. అందరూ చుట్టాలను తీసుకెళ్లేది అక్కడికే. మోకాళ్ల నొప్పులవాళ్లను తీసుకెళ్లకండి. మెట్లెక్కి లోపలికి దిగాలి, తల వంచి కాలెత్తి దాటాల్సిన ఇరుకు దారులు, వెనక జనం తోసుకొస్తుంటారు, మధ్యలో ఆగే చోటుండదు. సోమవారం సెలవు.

తొట్లకొండ అయితే వెళ్లండి. భీమిలి రోడ్డులో కొండ మీద ఉంటుంది. కారైనా ఆటో అయినా పైదాకా పోతుంది కాబట్టి ఎక్కే బాధ లేదు. రెండు వేల ఏళ్లనాటి బౌద్ధారామం, 1988 నుంచి 1993 దాకా తవ్వి బయటికి తీశారు. స్తూపం పునాదులు, భిక్షువుల గదుల వరసలు, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు, ఎదురుగా సముద్రం. పెదనాన్న రిటైర్డ్ సివిల్ ఇంజినీరు. ఆ ఇటుకల కొలతల దగ్గర కూర్చుని లేవరే! నీడ తక్కువ, అదొక్కటే ఇబ్బంది. ఎండెక్కకముందే వెళ్లాలి, లేదా నాలుగు దాటాక. బస్సులో వెళ్తే కింద రోడ్డు మీద దిగి పైకి నడవాలి, అందుకని ఆటో మాట్లాడుకోవడమే మేలు.

అరకు రైలు. విస్టాడోమ్ బోగీలో పెద్ద అద్దాలు, తిరిగే సీట్లు, దారిలో 58 సొరంగాలు. కూర్చుని చూడ్డమే కాబట్టి దీనికి వంక పెట్టలేను. ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. దాదాపు నాలుగు గంటల ప్రయాణం, షుగరు ఉన్నవాళ్లకు ఇడ్లీ డబ్బా ఇంటినుంచే పట్టుకెళ్లండి. బొర్రా గుహలు మాత్రం కుర్చీ పరీక్ష పాసైనవాళ్లకే. దిగేది సులువే, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. వానాకాలంలో తడి మెట్లు జారతాయి. ఆ టైమును అరకు గిరిజన మ్యూజియానికి ఇవ్వండి. ఆదివాసీల ఇళ్లు, సంతలు, పండగలు మట్టిబొమ్మలతో చూపిస్తారు. అక్కడి గిరిజన నృత్యం థింసా ఆడేవాళ్లు కనబడితే అత్తయ్యలా మీరూ వరసలో కలవండి. నడుముల వెనక చేతులు కలిపి పక్కపక్కకు అడుగులు వేస్తారు, తూలినా ఇరుపక్కలా పట్టుకునే మనిషి ఉంటారు. బ్యాలెన్సుకు అంతకంటే భద్రమైన క్లాసు నాకు కనబడలేదు.

ఒక ప్యాకేజీవాళ్లు మాత్రం మమ్మల్ని బాగా విసిగించారు. "సీనియర్స్ స్పెషల్" అని పెట్టి, ఒక్కరోజులో అయిదు చోట్లు, భోజనానికి ఇరవై నిమిషాలు. బుక్ చేసేముందు అడగండి: మొత్తం ఎన్ని చోట్లు, బస్సు ఫుట్‌బోర్డు ఎంత ఎత్తు? చోట్లు మూడు మించితే వదిలేయండి.

సాయంత్రం పూట దూరం వెళ్లలేనివాళ్లకు పిఠాపురం కాలనీ కళాభారతిలో కచేరీలు, నాట్యాలు ఉంటాయి. వరస చివరి సీటు తీసుకోండి, మధ్యలో లేవాల్సి వస్తే ఇబ్బంది ఉండదు. ఖర్చు విషయానికొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ, ఆధార్ చూపిస్తే చాలు. అరవై దాటిన మగవాళ్లకు ఆర్టీసీలో 25 శాతం రాయితీ. అత్తయ్యకు జీరో టికెట్ కొట్టి తన దగ్గర డబ్బులు తీసుకున్నప్పుడల్లా పెదనాన్న మొహం చూడాలి.

కోలాటంలో చేరాలనుకునేవాళ్లకు ఒక మాట. చాలా బ్యాచ్‌లు చెప్పుల్లేకుండానే ఆడిస్తాయి. షుగరు వల్ల అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు గుడి రాతి నేల మీద గాయమైనా తెలియదు. వాళ్లు గుళ్లో బ్యాచ్ కాకుండా కమ్యూనిటీ హాలు బ్యాచ్ చూసుకుని, మెత్తటి బూట్లకు గురువుగారి దగ్గర ముందే అనుమతి తీసుకోండి. ఇంటికొచ్చాక పాదాలు ఒకసారి లైటు కింద చూసుకోవాలి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడవాలనుకునే పెద్దవాళ్లకు కూడా ఇదే చెప్తాను.