కళ్లు పచ్చబడేదాకా ఆగకండి

శ్రోతలకు నమస్కారం.

ఓ రోజు ఒకావిడ ఏడాదిన్నర బాబును భుజాన వేసుకొని మా ఆస్పత్రికి వచ్చింది. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ సిరప్ మొదలుపెట్టి రెండు నెలలైంది. "రెండు రోజుల నుంచి అన్నం గిన్నె తోసేస్తున్నాడండీ. పాలు పట్టినా కక్కేస్తున్నాడు. ఎప్పుడూ మగతగానే ఉంటున్నాడు" అంది. ఆగిపోయిన ఫిట్స్ ఆ పొద్దున మళ్లీ వచ్చాయట. కళ్లు పచ్చబడలేదు కాబట్టి కామెర్లు కాదులే అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెప్పారు. నాకు మాత్రం గుండె గుభేలుమంది.

వాల్‌ప్రోయేట్ వల్ల కాలేయం బాగా దెబ్బతినడం అరుదే. దెబ్బతింటే ఎక్కువగా మొదటి 6 నెలల్లోనే. రెండేళ్లలోపు పిల్లలకు, అందులోనూ రెండు మూడు ఫిట్స్ మందులు కలిపి వాడేవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. తిండి మానేయడం, వాంతులు, మగత, తగ్గిన ఫిట్స్ తిరగబెట్టడం ముందు కనిపించవచ్చు. పచ్చదనం తర్వాత రావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా.

ఫెనిటాయిన్, కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందులతో తంతు వేరు. అవి పడని కొద్దిమందికి సాధారణంగా మొదలుపెట్టిన 2 నుంచి 8 వారాల్లో జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు వస్తాయి. లోపల కాలేయమూ వాస్తుంది. కార్బమజెపిన్ అరుదుగా పైత్యరసం పారే సన్నటి గొట్టాలను కూడా పాడుచేస్తుంది. అప్పుడు విపరీతమైన దురద, ముదురు పసుపు మూత్రం, సున్నంలా పాలిపోయిన విరేచనం.

ఇలాంటివి కనబడితే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి. తర్వాతి డోసు వేళలోపే డాక్టరుతో మాట్లాడండి. సొంతంగా మందు ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఈ లక్షణాలేవీ లేకుండా రక్తపరీక్షలో లివర్ ఎంజైములు కాస్త పెరిగాయన్నంత మాత్రాన టెన్షన్ పడొద్దు. ఈ మందులు వాడే చాలామందిలో అది మామూలే, ఆ రిపోర్టు డాక్టరుకు చూపిస్తే చాలు.

ఇంకో మాట. కామెర్లనగానే మన ఊళ్లలో పసరు మందుకు పరిగెడతారు. చిన్నప్పుడు నాకూ తాగించారు, ఆ నమ్మకం ఎంత గట్టిదో తెలుసు. దండం పెట్టి అడుగుతున్నాను, ఫిట్స్ మందు వాడే బిడ్డకు మాత్రం వద్దు. అక్కడ పోయే రెండు రోజులే మాకు కావలసిన రెండు రోజులు.

ఆ బాబును వెంటనే చేర్చుకున్నాం. వాల్‌ప్రోయేట్ ఆపి, కాలేయం మీద పెద్దగా భారం వేయని లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందుకు మార్చాం, వాల్‌ప్రోయేట్‌కు విరుగుడుగా నరంలోకి కార్నిటిన్ ఎక్కించాం. పదో రోజు పొద్దున వార్డుకి వెళ్లేసరికి బాబు తనే అన్నం గిన్నె దగ్గరికి లాక్కుంటున్నాడు.